సెంటుకు ఎంతమంది? సభల లెక్క మనమే కడదాం

2024 మార్చి 10, ఆదివారం. మిరపకోతలు జోరు మీదున్న రోజులు. మా వీధి మేస్త్రీ ఆ పూట ఇరవై రెండు మందిని ట్రాక్టర్ ఎక్కించాడు. చేలోకి కాదు, మేదరమెట్ల సభకి. అది వైసీపీ వాళ్ల సిద్ధం. వారం తిరిగి మార్చి 17 వచ్చింది, అదీ ఆదివారమే. అదే ట్రక్కు, అదే మేస్త్రీ, దాదాపు ఆ మనుషులే. ఈసారి చిలకలూరిపేట పక్కన బొప్పూడికి. అది టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి పెట్టిన ప్రజాగళం, ప్రధాని మోదీ వచ్చిన సభ. మధ్యలో ఆరు రోజులు ఎప్పట్లాగే కోతలకి పోయారు.

రెండు ఆదివారాలూ రాత్రి ఫోన్లు తెరిస్తే లక్షలే లక్షలు. ఒక గ్రూపులో జనసంద్రం, ఇంకో గ్రూపులో ఖాళీ కుర్చీలు. మా మేస్త్రీ జేబులో చిన్న పుస్తకం ఉంటది. దాంట్లో మాత్రం మొదటి ఆదివారం 22, రెండో ఆదివారం 21. ఒకామెకి జ్వరం వచ్చి ఆగిపోయింది, అందుకే ఒకటి తగ్గింది. ఆ పుస్తకం ఎందుకంత ఖచ్చితంగా ఉంటదంటే, తలకింత అని డబ్బులు పంచాల్సింది ఆయనే గనక. ఒక్క తల ఎక్కువ రాస్తే పైవాడు అడుగుతాడు, ఒక్క తల తక్కువ రాస్తే కూలీ అడుగుద్ది.

అప్పటినుంచి నాకొక సంగతి బుర్రలో తిరుగుతా ఉంది. సభకి ఎంతమంది వచ్చారో ఎవరికీ తెలియదు అంటారే, అది నిజం కాదు. తెలియాల్సినవాళ్లకి తెలుసు. బస్సులు పెట్టినోడికి తెలుసు, పొట్లాలు కట్టించినోడికి తెలుసు, మండల ఇంచార్జికి తెలుసు. తెలియనిది మనకే. అంటే ఆ ట్రక్కులో నిలబడిపోయినవాళ్లకీ, ఆ వీడియో ఫార్వర్డ్ చేసేవాళ్లకీ.

ముందు నా తప్పు చెప్పుకుంటా. నేను కొన్నేళ్లు మండల విలేకరిగా చేశా. సభకి పోయేవాణ్ణి, స్టేజీ పక్కన ప్రెస్ గ్యాలరీలో కూర్చునేవాణ్ణి, పార్టీ కుర్రోడు చెవిలో ఒక అంకె చెప్పేవాడు. దాన్ని సగం చేసి రాసేవాణ్ణి. సగం చేశా గదా, అందుకే నిజాయితీగా రాశా అనుకునేవాణ్ణి. వాడు నేను సగం చేస్తానని తెలిసి రెట్టింపు చెప్తున్నాడని నాకు అర్థం కావటానికి రెండేళ్లు పట్టింది.

చేలో కట్టే లెక్కే ఇదీ

జనాన్ని లెక్కపెట్టటం పెద్ద శాస్త్రం అనుకోమాకండి. మన చేలల్లో రోజూ చేసే పనే అది. పత్తి చేలోకి పోయిన రైతు ఎకరంలో ఉన్న కాయలన్నీ లెక్కపెడతాడా? అక్కడో నాలుగు మొక్కలు, ఇక్కడో నాలుగు మొక్కలు చూస్తాడు. మొక్కకి ఎన్ని కాయలు, సాలుకి ఎన్ని మొక్కలు, ఎకరంలో ఎన్ని సాళ్లు. గట్టు మీద కూర్చునే ఇన్ని క్వింటాళ్లు అవుద్దని చెప్తాడు. పంటల బీమా కోసం అధికారులు చేసే పంటకోత ప్రయోగం కూడా ఇదే. చేలో చిన్న చదరం ఒకటి తాళ్లతో కట్టి, దాంట్లో పంట కోసి తూచి, ఊరంతటికీ లెక్క కడతారు. గట్టు పక్కన బాగా కాసిన చోట చదరం కడితే లెక్క తప్పుద్దని మనకి తెలుసు. సభలో స్టేజీ ముందు జనాన్ని చూసి గ్రౌండంతా అంతే అనుకోవటం కూడా సరిగ్గా ఆ తప్పే.

1960ల్లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ జేకబ్స్ అని ఒక జర్నలిజం మాస్టారు ఉండేవాడు. ఆయన కిటికీ కింద మైదానంలో పిల్లలు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పోగయ్యేవాళ్లు. ఆ నేల మీద గళ్లు గళ్లుగా గీతలున్నాయి. ఆయన ఒక గడిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, ఎన్ని గళ్లు నిండాయో చూసి గుణించాడు. అట్టా చాలా సభలు చూశాక ఒక సూత్రం తేల్చాడు. జనం పలచగా, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు. దగ్గర దగ్గరగా ఉంటే నాలుగున్నర. ఒకళ్ల మీద ఒకళ్లు పడేట్టు ఉంటే రెండున్నర.

అడుగులు మనకెందుకు? మన భాషలోకి మార్చుకుందాం. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అంటే పలచటి జనం సెంటుకి 43 మంది. దట్టమైన జనం సెంటుకి 97. ఊపిరాడని జనం సెంటుకి 174. ఇంకా తేలిగ్గా గుర్తుపెట్టుకోవాలంటే నలభై, వంద, నూట డెబ్బై. ఎకరానికి నూరు సెంట్లు గనక, ఎకరానికి నాలుగు వేల పైన, పది వేలలోపు, పదిహేడు వేల పైన. ఈ మూడు అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి. కుర్చీలు వేసిన సభైతే ఎప్పుడూ మొదటి అంకెకి దగ్గర్లోనే ఉంటది. కుర్చీకి కుర్చీకి మధ్య కాళ్లు పెట్టుకునే చోటు, నడవటానికి దారి, ఇవన్నీ పోవాలి గదా.

ఇప్పుడు మేదరమెట్లకి వద్దాం. సభకి ముందే వైసీపీ నాయకులు పదిహేను లక్షల మంది వస్తారన్నారు. మనిషికి 10 చదరపు అడుగుల చొప్పున పదిహేను లక్షల మంది పట్టాలంటే 344 ఎకరాలు కావాలి. అందరూ దట్టంగా నిలబడినా 155 ఎకరాలు. అదీ స్టేజీ, ర్యాంపు, బారికేడ్లు, వీఐపీ గ్యాలరీలు, అంబులెన్స్ దారి తీసేసిన తర్వాత ఉత్త జనం నిలబడే నేల. బస్సుల వైపు నుంచి చూద్దాం. బస్సుకి యాభై మంది లెక్కన ముప్పై వేల బస్సులు. రాష్ట్రం మొత్తం మీద ఆర్టీసీకి ఉన్నవే దాదాపు పదకొండు వేలు. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు, బైకులు కలుపుకున్నా ఎంత దూరం పోద్ది? జనాభా వైపు నుంచి కూడా చూడండి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి గుంటూరు, ప్రకాశం రెండూ కలిపి 83 లక్షల లోపే. పదిహేను లక్షలంటే పాలుతాగే పిల్లల దగ్గర్నుంచి మంచం మీదున్న ముసలోళ్ల దాకా దాదాపు ఐదుగురిలో ఒకళ్లు.

అట్టా అని ఆ సభ ఖాళీ అని నేను అనట్లేదు. జనం గట్టిగానే వచ్చారు, మా మేస్త్రీ చెప్పాడు, ఫొటోలూ చెప్పినయి. నేల మీద పచ్చ మ్యాట్లు పరిచి జనాన్ని గ్రాఫిక్స్‌లో కలిపారని టీడీపీ వాళ్లన్నారు, అదంతా కుళ్లు అని వైసీపీ వాళ్లన్నారు. ఆ గొడవ రోజుల తరబడి నడిచింది. ఒక్కళ్లు కూడా జనం నిలబడ్డ నేల ఎన్ని సెంట్లో కొలిచి మాట్లాడలా. వారం తర్వాత బొప్పూడిలో ఇదే కథ తిరగబడింది. అక్కడ లక్షలన్నది టీడీపీ వాళ్లు, కాదన్నది వైసీపీ వాళ్లు. కొలతలేని అంకెలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

పోలీసు అంకె, పార్టీ అంకె

రెండు అంకెలు వేరువేరుగా ఉంటే ఒకటి అబద్ధమే అనుకుంటాం. ప్రతిసారీ అట్టా కాదు. ఒక్కోసారి ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకి జవాబు చెప్తుంటారు.

2019 జూన్ 16న హాంకాంగ్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. నిర్వాహకులు దాదాపు 20 లక్షలన్నారు, పోలీసులు 3 లక్షల 38 వేలన్నారు. పోలీసులు చెప్పింది జనం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న క్షణంలో ఎంతమంది అని. నిర్వాహకులు చెప్పింది రోజంతా వచ్చిపోయినవాళ్లు ఎంతమంది అని. అంత తేడా దీనివల్లే వచ్చిందని నేననను, కానీ ప్రశ్న వేరైతే జవాబు వేరవుద్దని మాత్రం తెలుసుకోవాలి. తిరునాళ్లకి ఎంతమంది వచ్చారు అనేదీ, ప్రభ కట్టిన రాత్రి పన్నెండింటికి ఎంతమంది ఉన్నారు అనేదీ ఒకటి కాదు గదా.

నడిచే జనాన్ని సెంట్లతో కొలవలేం. దానికి వేరే పద్ధతి ఉంది. రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చోండి. నిమిషానికి ఎంతమంది మీ ముందు దాటారో లెక్కపెట్టండి. ఐదు నిమిషాలకి ఒకసారి మళ్లీ లెక్కపెట్టండి. సగటున నిమిషానికి 60 మంది, ఊరేగింపు దాటటానికి 40 నిమిషాలు పడితే 2,400 మంది. యార్డు గేటు కాడ టిక్కీలు లెక్కపెట్టినట్టే. ఊళ్లోకి రాగానే కలిసి, ఊరు దాటగానే ఆగిపోయేవాళ్లుంటారు గనక రెండు చోట్ల లెక్కపెడితే ఇంకా మంచిది.

లెక్క నచ్చకపోతే లెక్కపెట్టేవాణ్ణే ఆపేసిన కథ కూడా ఉంది. 1995 అక్టోబరు 16న వాషింగ్టన్‌లో నల్లజాతి మగవాళ్లు పెట్టిన మిలియన్ మ్యాన్ మార్చ్‌కి 4 లక్షల మంది వచ్చారని అక్కడి ప్రభుత్వ పార్కుల శాఖ చెప్పింది. నిర్వాహకులకి కోపం వచ్చి కోర్టుకి పోతామన్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫొటోల మీద గళ్లు గీసి సుమారు 8 లక్షల 37 వేలని తేల్చారు, అది కూడా అటూ ఇటూ చాలా తేడా ఉండొచ్చని చెప్పి మరీ. ఆ తర్వాత అమెరికా పార్లమెంటు పార్కుల శాఖని ఇక జనాన్ని లెక్కపెట్టొద్దని ఆపేసింది. పేరులోనే పది లక్షలు పెట్టుకున్న సభకి అంకె ఎంత ప్రాణమో చూడండి. మన దగ్గర కూడా 2011 మార్చి 10న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ ఉద్యమకారులు చేసిన దానికి మిలియన్ మార్చ్ అనే పేరు. ఆ రోజు పోలీసుల కట్టడి దాటుకుని వచ్చినవాళ్లు పది లక్షలు కారు. కానీ ఆ ఉద్యమం బలం తక్కువదని ఎవరన్నా అనగలరా? అంకె వేరు, బలం వేరు.

157, 600, 100

పార్టీలు అంకె పెంచితే, సర్కార్లు అంకె కుదిస్తాయి. ఇది ఒక పార్టీ సర్కారు చేసింది కాదు.

2021 నవంబరు 1న అమరావతి రైతులు తుళ్లూరు నుంచి తిరుపతికి పాదయాత్ర మొదలుపెట్టారు. హైకోర్టుకి పోయాక పోలీసులు అనుమతి ఇచ్చారు. షరతేందంటే 157 మందే నడవాలి. గుంటూరు దాటి ప్రకాశం జిల్లాలోకి వచ్చేసరికి ఊరూరా జనం కలిశారు. నవంబరు 11న చదలవాడ కాడ లాఠీలు లేచినయి. షరతు దాటారు, 157 మంది ఎక్కడ, వేల మంది ఎక్కడ అన్నది పోలీసుల మాట. ఊరోళ్లు పూలు పట్టుకుని ఎదురొస్తే వాళ్లని కూడా లెక్కలో వేస్తారా అన్నది రైతుల మాట. మరుసటేడు సెప్టెంబరు 12న వెంకటపాలెం నుంచి అరసవల్లికి రెండో యాత్ర. ఈసారి 600. అక్టోబరులో హైకోర్టు మళ్లీ అదే చెప్పింది. నడిచేవాళ్లు 600 దాటొద్దు, మద్దతు ఇచ్చేవాళ్లు రోడ్డుకి అటూ ఇటూ నిలబడాలి. ఆ మరుసటి రోజే రామచంద్రపురంలో యాత్ర ఆగింది.

సర్కారు మారింది. 2025 జూన్ 18న సత్తెనపల్లి పక్కన రెంటపాళ్లకి జగన్ వస్తానంటే పోలీసులు ఇచ్చిన అనుమతి వంద మందికి. నెల తిరక్కుండానే చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మామిడి రైతుల దగ్గరికి పోతానంటే 500 మందికి.

అప్పుడు 157ని తిట్టినోళ్లు ఇప్పుడు వందని సమర్థిస్తున్నారు. అప్పుడు 157ని సమర్థించినోళ్లు ఇప్పుడు వందని తిడుతున్నారు. మనం అడగాల్సింది వేరే. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రోడ్డు వెడల్పు కొలిచి పెట్టారా, ఆ గ్రౌండు సెంట్లు చూసి పెట్టారా, లేక ఎటూ దాటుతారని తెలిసి, దాటగానే కేసు పెట్టటానికి పెట్టారా? కారణం రాయకుండా ఇచ్చిన అంకె కూడా, కొలవకుండా చెప్పిన లక్షల్లాంటిదే.

ఇరుకు రోడ్డు

అంకె ఉత్త గొప్పల కోసం అయితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. 2022 డిసెంబరు 28 రాత్రి కందుకూరులో చంద్రబాబు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి, మురుగు కాలవలో పడి ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకి, 2023 జనవరి 1న, గుంటూరులో సంక్రాంతి కానుకలు పంచే సభలో ముగ్గురు ఆడవాళ్లు పోయారు. డ్రోన్ షాట్లలో జనం ఎక్కువ కనపడాలని ఇరుకు రోడ్డులో పెట్టారని అప్పటి ముఖ్యమంత్రి జగన్ అన్నాడు. బందోబస్తు సరిగ్గా పెట్టలేదని టీడీపీ అన్నది.

ఎవరిది తప్పో కాసేపు పక్కన పెట్టి లెక్క చూడండి. 30 అడుగుల రోడ్డు, 100 అడుగుల పొడవు అనుకుందాం. 3,000 చదరపు అడుగులు, అంటే ఏడు సెంట్ల లోపు. పలచగా అయితే 300 మంది. దట్టంగా అయితే 660 మంది పైన. దాంట్లోనే ఒక ప్రచార వాహనం, నాలుగు కార్లు, అటూ ఇటూ తోపుడు బళ్లు, పార్క్ చేసిన బైకులు. నిలబడే నేల సగం అయిపోద్ది. వెనకాల నుంచి జనం తోస్తా ఉంటారు. చదరపు మీటరుకి ఆరుగురు ఏడుగురు దాటితే, అంటే మన లెక్కలో సెంటుకి 240 నుంచి 280 దాటితే, మనిషి తన కాళ్ల మీద తను ఉండడు. జనం నీళ్లలాగా అలలు కొడతది. ఆ అల ఎటు కొడితే అటు పోవటమే. ఎంత బలమైనవాడైనా, ఎంత ధైర్యస్తుడైనా.

అదే జనాన్ని ఊరి బయట ఒక ఎకరంలో నిలబెడితే చెయ్యి చాపుకునే చోటు ఉంటది, ఎవరికీ ఏమీ కాదు. కానీ డ్రోన్‌లో ఎకరం పలచగా కనపడుద్ది, సందు కిక్కిరిసి కనపడుద్ది. సందు ఎందుకు ముద్దో అర్థమైంది గదా. ఇది ఒక్క పార్టీ రోగం కాదు. 2025 సెప్టెంబరు 27న తమిళనాడు కరూర్‌లో సినిమా నటుడు విజయ్ సభలో 41 మంది పోయారు. పది వేల మంది అని అనుమతి తీసుకున్నారు, దాదాపు 27 వేల మంది వచ్చారని అక్కడి పోలీసు పెద్ద చెప్పాడు. పదికీ ఇరవై ఏడుకీ మధ్య తేడా ఎంత ఖరీదో చూడండి.

బొప్పూడిలో కూడా జనం లైట్ల టవర్లు ఎక్కారు. పవన్ కల్యాణ్ మాట్లాడుతుంటే ప్రధాని లేచి మైకు కాడికొచ్చి, దిగమని బతిమాలాల్సి వచ్చింది. టవర్ ఎక్కినోళ్లలో మన వయసు కుర్రోళ్లే ఎక్కువ. ఆ రోజు ఏమీ జరగలేదు, అంతే. జరిగుంటే రెండు పార్టీలూ మళ్లీ అంకెల గొడవే చేసేవి, ఈసారి చచ్చినోళ్ల అంకె.

కందుకూరు, గుంటూరు తర్వాత సర్కారు ఏం చేసింది? 2023 జనవరి 2న జీవో నంబరు 1 తెచ్చి రోడ్ల మీద సభలకి అడ్డం పెట్టింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. సభలే వద్దనటం సులువు. ఏ గ్రౌండులో ఎంతమంది పడతారో ముందే కొలిచి బోర్డు పెట్టటం కష్టం. సినిమా హాలుకి ఎన్ని సీట్లో తెలుసు, మండలానికి ఒక సభా స్థలం చూసి దాని సెంట్లు ఇన్ని, ఇంతమందికి మించి వద్దు అని రాసిపెట్టటానికి ఏమొచ్చింది?

యార్డులో పోయిన అంకె

2025 ఫిబ్రవరి. మిరప రేటు పడిపోయింది. అంతకు ముందు ఏళ్లలో ఇరవై వేలు దాటిన క్వింటా, ఆ నెలలో పెట్టుబడి కూడా రానంత కిందికి పోయింది. 19న జగన్ గుంటూరు మిర్చి యార్డుకి వచ్చాడు. ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ ఉంది, అనుమతి లేదన్నారు, కేసు పెట్టారు. ఆ వారమంతా టీవీల్లో ఏం నడిచింది? జనం వచ్చారా, తోలుకొచ్చారా. వచ్చినోళ్లు రైతులా, కార్యకర్తలా. బందోబస్తు ఉందా లేదా.

అదే నెలలో కేంద్రం ఇంకో అంకె చెప్పింది. మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు, 2 లక్షల 58 వేల టన్నుల దాకా. మా వీధిలో పది మంది కుర్రోళ్లని అడిగా, యార్డుకి ఎంతమంది వచ్చారో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. 11,781 అనే అంకె ఇద్దరికే తెలుసు. ఆ రేటు మన ఊళ్లో ఎంతమంది ఖాతాలో పడింది అన్నది ఒక్కళ్లు కూడా అడగలా. నేనూ అడగలా, ఆ వారం నేను కూడా డ్రోన్ వీడియోలే చూస్తా కూర్చున్నా.

సీజన్లో ఆ యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు దాటిన రోజులుంటాయి. ఒక్కో టిక్కీకి చీటీ ఉంటది, కాటా ఉంటది, పేరు ఉంటది. ఒక్క టిక్కీ తేడా వస్తే గొడవే. ఆ టిక్కీ పండించిన మనిషి వచ్చి నిలబడితే మాత్రం వెయ్యా, పది వేలా, ఎవడి నోటికొచ్చింది వాడు చెప్పొచ్చు.

జనం వేరు, ఓటు వేరు

జనం చూసి గెలుపు చెప్పేవాళ్లకి ఒక మాట. 2008లో తిరుపతిలో చిరంజీవి పార్టీ పెట్టిన రోజు జనం గుర్తుందా పెద్దోళ్లకి? 2009లో 294 సీట్లలో వచ్చింది 18. 2019లో పవన్ ఎక్కడికి పోతే అక్కడ జనం, గెలిచింది ఒక్క రాజోలు. 2024లో సిద్ధం సభలన్నీ నిండినయి, వైసీపీకి 175లో వచ్చింది 11. అట్టా అని ఆ జనం అంతా కూలికొచ్చినోళ్లు అనటం కూడా తప్పు. ఆ 11 సీట్ల వెనకాల 39 శాతం ఓట్లున్నాయి. సభ చెప్పేది ఒక పార్టీకి ఎంత గట్టి మనుషులున్నారో, బళ్లు కట్టే డబ్బెంత ఉందో. ఇంట్లో కూర్చున్నోడు ఏమనుకుంటున్నాడో సభ చెప్పదు.

నలభై మూడు మంది

చివరిగా ఇంకో లెక్క. నేను విలేకరిగా ఉన్నప్పుడు ఒకసారి కౌలు రైతులు మండలాఫీసు ముందు కూర్చున్నారు. వాన కొట్టి పత్తి నల్లబడింది, పరిహారం భూమి యజమాని పేరు మీద పోయింది, దున్నినోడికి ఏమీ రాలా. నేను పోయి లెక్కపెట్టా. నలభై మూడు మంది. ఆడవాళ్లు పదిహేడు. వాళ్లకి డ్రోన్ లేదు, మైకు కూడా లేదు. నా జీవితంలో నేను పూర్తిగా సరిగ్గా లెక్కపెట్టిన నిరసన అదొక్కటే. వార్త పంపా. నలభై మూడు మందికి వార్తేంది, రెండు వందలని రాయి, వేస్తాం అన్నారు అవతలి నుంచి. రాయనన్నా. పడలా.

అప్పుడు నేను గొప్ప పని చేశానని అనుకున్నా. ఇప్పుడు అంత నమ్మకం లేదు. రెండు వందలని రాసుంటే ఆ నలభై మూడు మందికి ఏమన్నా ఒరిగేదేమో. అయితే మరుసటేడు రెండు వందలకి కూడా వార్త పడదు, రెండు వేలు అడుగుతారు. పెద్ద పార్టీలు అంకెల్ని ఎంత పైకి లేపితే, చిన్న మనుషుల గొంతు అంత కిందికి పోద్ది. లక్షల అబద్ధం వల్ల అసలు నష్టపోయేది ఎదుటి పార్టీ కాదు. నలభై మూడు మందే ఉన్నా న్యాయం ఉన్నోళ్లు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర ఫోన్ ఉంది, మ్యాపులో నేల కొలిచే సౌకర్యం ఉంది, సెంటు అంటే ఏందో సిటీ పిల్లలకంటే మీకే బాగా తెలుసు. ఈసారి మీ పక్కన సభ జరిగితే నాలుగు పనులు చెయ్యండి. జనం నిలబడిన నేల ఎన్ని సెంట్లో చూడండి, స్టేజీ, దారులు తీసెయ్యండి. ముందు, మధ్య, వెనక మూడు చోట్ల ఒక్కో సెంటులో ఎంతమందో లెక్కపెట్టి సగటు తియ్యండి. ఒక్క అంకె చెప్పమాకండి, ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పండి, ఏ టైముకి చూశారో రాయండి. మీ పార్టీ సభకి కూడా అదే కొలత వాడండి. ఆఖరిది అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు.

ఇంకోటి. సందులో సభ పెట్టి, మీ ముందు సెంటుకి నూట డెబ్బై దాటినట్టు అనిపిస్తే, చేతులు పైకి లేపటానికి కూడా చోటు లేకపోతే, వీడియో ఆపి పక్కకి వచ్చెయ్యండి. పక్కనున్న పెద్దమ్మని కూడా తీసుకురండి. నాయకుడు మళ్లీ వస్తాడు.

మా మేస్త్రీని నిన్న అడిగా, నీ పుస్తకాలన్నీ దాచావా అని. దాచాడంట, ఆరేళ్లవి. ఏ సభకి ఎంతమందిని ఎక్కించాడో, ఏ రోజు ఎంతమంది కోతకి పోయారో, ఒకే వరసలో రాసి ఉంది. మన జిల్లాల్లో ఇట్టాంటి మేస్త్రీలు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల పుస్తకాలు ఒక్కచోట పెడితే చాలు, ఏ సభకి ఎంతమంది పోయారో ఎవర్నీ అడగక్కర్లేదు.